ట్రైలర్ ఊగేది హైవే మీద, తప్పు జరిగేది ఇంటి ముందు

అమెరికాలో మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా ఇళ్లు మారే కాలం. చదువు ముగించుకుని కొత్త ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్లే కుర్రవాళ్లు, పిల్లల బడి సెలవుల్లోనే ఊరు మారిపోవాలనుకునే కుటుంబాలు, అందరికీ సామాను తరలించే పని పడుతుంది. డాలస్ నుంచి షార్లెట్‌కో, చికాగో నుంచి ఫీనిక్స్‌కో మూవర్లను పెట్టుకుంటే వేల డాలర్లు అవుతాయి. అందుకే మనవాళ్లు చాలామంది యూహాల్ లాంటి సంస్థ దగ్గర చిన్న ట్రైలర్ అద్దెకు తీసుకుని, సొంత కారు హైలాండర్‌కో ఒడిస్సీకో తగిలించుకుని బయలుదేరతారు. ఇంత చిన్న ట్రైలర్‌కు సాధారణంగా వేరే లైసెన్సు అక్కర్లేదు. శిక్షణ ఎవరూ ఇవ్వరు. తగిలించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి తాళాలు చేతికిస్తారు.

ఊళ్లో తిరిగినంతసేపూ ఏ తేడా తెలియదు. హైవే ఎక్కి వేగం 60 మైళ్లు దాటాక, పక్కనుంచి ఓ పెద్ద ట్రక్కు దూసుకుపోగానే, అద్దంలో ట్రైలర్ కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. మరుక్షణం రెండో పక్కకు. ఆ తర్వాత ఇంకాస్త ఎక్కువగా మొదటి పక్కకు. నాలుగైదు ఊపుల్లో కారు వెనక భాగం కూడా దాంతోపాటు ఊగడం మొదలుపెడుతుంది. దీన్నే ట్రైలర్ స్వే అంటారు. అదుపు తప్పితే ట్రైలర్ అడ్డం తిరిగి కారును కూడా పల్టీ కొట్టిస్తుంది.

అలాంటి సమయంలో స్టీరింగ్ ఎలా పట్టుకోవాలన్నది తప్పక తెలిసి ఉండాలి. కానీ అంతకంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. ఈ ఊపు గాలి వల్లో ట్రక్కు వల్లో పుట్టింది కాదు. అవి దాన్ని కదిలించాయంతే. ఊగే గుణం సామాను సర్దినప్పుడే ట్రైలర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. సరిగ్గా సర్దిన ట్రైలర్‌ను అదే గాలి, అదే ట్రక్కు తోసినా రెండు ఊపుల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఎందుకో చూద్దాం. ట్రైలర్‌కు కారుతో ఉన్న బంధం ఒక్క చోటే, కారు వెనక బిగించిన హిచ్ మీది ఉక్కు గుండు దగ్గర. ఆ గుండు చుట్టూ అది అటూ ఇటూ తిరగగలగాలి, లేకపోతే మలుపు తీసుకోలేం. ఏదో ఒకటి తోసి ట్రైలర్ తోక పక్కకు జరిగిందనుకోండి. దాని టైర్లు ప్రయాణ దిశకు కొంచెం ఏటవాలుగా ఉంటాయి, రోడ్డు వాటిని మళ్లీ వరుసలోకి నెడుతుంది. ఆ నెట్టిన ఊపులో తోక మధ్యలో ఆగకుండా అవతలికి పోతుంది. అక్కడినుంచి మళ్లీ ఇవతలికి. ప్రతి ఊపులోనూ టైర్లు రోడ్డును రాసుకుంటూ కొంత బలాన్ని మింగేస్తాయి కాబట్టి ఊపు క్రమంగా చచ్చిపోవాలి.

కానీ అలా అణిచే శక్తి వేగం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ఇదే అసలు కిటుకు. సెకనుకు ఒక అడుగు చొప్పున పక్కకు జరిగే టైరు గంటకు 30 మైళ్ల వేగంలో రోడ్డుతో ఎంత కోణం చేస్తుందో, 60 మైళ్ల వేగంలో అందులో సగమే చేస్తుంది. కోణం సగమైతే దాన్ని ఆపే బలమూ సగానికి పడిపోతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ ఒక వేగం దగ్గర ఊపు తగ్గకుండా అలాగే ఉండిపోతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఇంజనీర్లు దీన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. అది ఏ ట్రైలర్ మీదా రాసి ఉండదు. సామాను ఎక్కడ పెట్టారు, టైర్లలో గాలి ఎంతుంది, లాగే కారు ఎంత బరువైనది అన్నదాన్ని బట్టి ఒకే ట్రైలర్‌కు ఒక రోజు 80 మైళ్లుంటుంది, ఇంకో రోజు 50కే వచ్చేస్తుంది.

లాగే కారు బరువు లెక్కలోకి రావడానికి కారణముంది. ఆ ఉక్కు గుండు కారు వెనక చక్రాలకు సుమారు నాలుగడుగులు వెనక వేలాడుతూ ఉంటుంది. ట్రైలర్ ఊగి దాన్ని ఎడమకు తోస్తే కారు ముక్కు కుడికి తిరుగుతుంది. కారు తేలికైతే ఇంకా సులువుగా తిరుగుతుంది. డ్రైవరు కంగారుగా స్టీరింగ్ ఎదురు తిప్పుతాడు. ఆ తిప్పిన ఫలితం కొంత ఆలస్యంగా ట్రైలర్‌కు చేరేసరికి అది ఎలాగూ మళ్లీ ఇటు వస్తూనే ఉంటుంది, అంటే ఊపుకు ఇంకో ఊపు తోడవుతుంది. మన జాతీయ రహదారుల మీద కంటెయినర్లు లాగే పెద్ద లారీలు ఇంత పొడవున్నా ఇలా ఊగకపోవడానికి కారణమూ ఇక్కడే ఉంది. వాటి ట్రైలర్ ముందు కొస ఇంజిన్ బండి వెనక ఇరుసుల పైనే కూర్చుంటుంది, వెనకెక్కడో వేలాడదు. అది పక్కకు తోసినా ముందు బండిని తిప్పడానికి పట్టు దొరకదు. ట్రాక్టర్ ట్రాలీ మాత్రం కారు ట్రైలర్ లాగే వెనక వేలాడేదే. దాన్ని కాపాడుతున్నది నెమ్మది నడక. ఖాళీ ట్రాలీతో తారు రోడ్డు మీద ట్రాక్టరును పరిగెత్తించినప్పుడు వెనక ట్రాలీ ఎలా కొట్టుకుంటుందో ఊళ్లో పెరిగినవాళ్లందరూ చూసే ఉంటారు.

ఇక సర్దడం సంగతి. ట్రైలర్ బరువులో ఎంత భాగం ఆ గుండు మీద ఆనుతోంది అన్నది అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. సామానుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం గుండు మీద ఉండాలి. అందుకే అద్దె సంస్థలు సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో పెట్టమంటాయి. బ్రిటన్‌లో కారవాన్లు లాగేవాళ్లు 5 నుంచి 7 శాతం చాలనుకుంటారు, కానీ అక్కడ మోటార్‌వే మీద కూడా ట్రైలర్‌తో గంటకు 60 మైళ్లు దాటకూడదు. అమెరికా హైవేల వేగానికి ఆ లెక్క చాలదు.

మన పల్లెల్లో ఇది పాత విద్యే. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు బరువు వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతులకు పలుపులు బిగుస్తాయి. మరీ ముందుకు పోతే మెడలు కుంగుతాయి. బండి తోలేవాడు ఒకటో రెండో బస్తాలు జరిపి, కాడి ఎడ్ల మెడల మీద కాస్త బరువుగా ఆనేదాకా ఊరుకోడు. కారుకు గొంతు లేదు కాబట్టి బిగిసినా అరవదు, ఊళ్లో రోడ్ల మీద ఆ సంగతి బయటపడదు కూడా.

తెలుగు ఇంటి సామాను విషయంలో ఈ లెక్క తప్పే తీరు ఒకటుంది, దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ముందు బయటికి వచ్చేవి పరుపులు, సోఫా దిండ్లు, బట్టల పెట్టెలు. వంటిల్లు చివరి పూట దాకా నడవాలి కదా. అన్నం, పప్పు అయ్యాక గిన్నెలు కడిగి సర్దేసరికి మిగతా సామానంతా ట్రైలర్ ఎక్కేసి ఉంటుంది. అప్పుడు వస్తాయి వెట్ గ్రైండర్, కుక్కర్లు, స్టీలు సామాను పెట్టె, ఇంకా విప్పని సోనామసూరి బియ్యం బస్తాలు. చదువుకునే పిల్లల పుస్తకాల పెట్టెలు కూడా చివర్లోనే గుర్తొస్తాయి. ఇంట్లో చిన్నగా ఉండి అన్నిటికంటే బరువైనవి ఇవే. వీటికి మిగిలిన చోటు ట్రైలర్ తలుపు దగ్గరే. తేలికైన పరుపులు ముందు గోడకు, రాయిలాంటి గ్రైండరు వెనక తలుపుకు. చూడ్డానికి ముచ్చటగా సర్దినట్టుంటుంది, ఒక్క అంగుళం ఖాళీ ఉండదు. దీనికంటే ప్రమాదకరమైన సర్దుడు ఇంకోటి ఉండదు.

ఎంత తేడా వస్తుందో లెక్క కట్టి చూడండి. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న అద్దె ట్రైలర్ ఖాళీగా సుమారు 900 పౌండ్లు తూగుతుంది. అందులో 1,200 పౌండ్ల సామాను వేశారనుకుందాం. మొత్తం 2,100. గుండు మీద కనీసం 210 పౌండ్లు ఉండాలి, 315 దాకా ఉండొచ్చు. సరిగ్గా 210 ఉన్న స్థితిలో, ముందు గోడ దగ్గరున్న 100 పౌండ్ల సామానును ఆరడుగులు వెనక్కి, తలుపు దగ్గరికి మార్చారు. గుండుకూ ఇరుసుకూ మధ్య దూరం 9 అడుగులనుకుంటే, ఈ ఒక్క మార్పుతో గుండు మీద బరువు 67 పౌండ్లు తగ్గిపోతుంది. అలాంటివి రెండు మారిస్తే మిగిలేది 77 పౌండ్లు, అంటే 4 శాతం కూడా లేదు. ట్రైలర్ మొత్తం బరువు ఒక్క పౌండు కూడా పెరగలేదు. రెండు మూటలు చోటు మారాయి, అంతే.

ఇంకో సూక్ష్మం ఉంది. గుండు మీద బరువు సరిపోయినంత మాత్రాన అంతా సరైనట్టు కాదు. బరువైన పెట్టెల్లో కొన్ని ముందు గోడకూ, కొన్ని వెనక తలుపుకూ పెట్టి లెక్క సరిచేయొచ్చు, కానీ రెండు కొసల్లో బరువున్న ట్రైలర్ ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగడం కష్టం. ఇరుసుకు మూడడుగుల దూరంలో ఉన్న పెట్టె, అడుగు దూరంలో ఉన్న అదే పెట్టె కంటే తొమ్మిది రెట్లు ఎక్కువగా ఊపును మోస్తుంది. కాబట్టి గ్రైండరు, బియ్యం, పుస్తకాలు ఇరుసుకు దగ్గరగా, దానికి కాస్త ముందు వైపు, నేలకు ఆనించి పెట్టాలి. వాటిని కదలకుండా కట్టాలి. వాటి ముందూ పైనా వెనకా పరుపులు, బట్టలు, తేలిక సామాను. గంట ప్రయాణం తర్వాత పెట్టెలు వెనక్కి జారితే ముందు వేసిన లెక్కంతా పోతుంది, అందుకే తాడు లేదా పట్టీ తప్పనిసరి.

గుండు మీద బరువు నిజంగా ఎంతుందో తెలుసుకోవడానికి బాత్‌రూం స్కేల్ చాలు. చదునైన నేల మీద ట్రైలర్ చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, కారు నుంచి విడదీసి, ముందు కొస కింద స్కేలు, దానిపై హిచ్ ఎత్తుకు సరిపడే చెక్క దిమ్మె పెట్టి ఆనిస్తే అంకె కనిపిస్తుంది. స్కేలు అంత బరువు మోయలేదనిపిస్తే ఒక గట్టి బద్ద తీసుకోండి. ట్రైలర్ కొస ఆనే చోటుకు ఒక వైపు అడుగు దూరంలో బద్ద కింద ఇనుప పైపు, రెండో వైపు రెండడుగుల దూరంలో స్కేలు ఉండాలి. స్కేలు చూపిన అంకెను మూడుతో గుణిస్తే అసలు బరువు. సుదూర ప్రయాణమైతే హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద కొద్ది డాలర్లతో తూయించుకోవచ్చు. ఒకసారి ట్రైలర్‌తో, ఒకసారి కారు ఒక్కటే తూస్తే, కారు చక్రాల మీద పెరిగిన బరువే టంగ్ వెయిట్.

ఒక జాగ్రత్త. సామాను వేసేటప్పుడు, దించేటప్పుడు ట్రైలర్ కారుకు తగిలించే ఉండాలి. వెనక బరువున్న ట్రైలర్‌ను విడదీయబోతే ముందు కొస ఒక్కసారిగా పైకి లేస్తుంది. పక్కన వంగి ఉన్న మనిషి దవడ పగిలేంత బలం అందులో ఉంటుంది. వెనక బరువు ఎక్కువైందన్న అనుమానముంటే మొదట వెనక తలుపు దగ్గరి సామాను దించి, ఆ తర్వాతే విడదీయండి.

ముందు బరువు మంచిదే కదా అని మరీ ఎక్కువ వేసినా ఇబ్బందే. కారు వెనక భాగం కుంగి ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. గుండు మీద ఆనే బరువు కారు మోసే బరువులో భాగమే. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అయిదుగురు కూర్చుని, డిక్కీ నిండా సూట్‌కేసులు పెట్టాక ఆ అంకెలో ట్రైలర్ వాటాకు ఏం మిగిలిందో చూసుకోవాలి. ఒడిస్సీ 3,500 పౌండ్లు లాగగలదన్న మాట వినగానే నిశ్చింతగా ఉండిపోవద్దు. లాగడం వేరు, మోయడం వేరు.

టైర్ల గాలి గురించి రెండు మాటలే చెప్తాను. ట్రైలర్ టైర్లలో ట్రైలర్ మీద రాసినంత, కారు వెనక టైర్లలో కారు పుస్తకంలో లాగేటప్పటికి చెప్పినంత గాలి ఉండాలి. గాలి తక్కువైన టైరు గోడలు మెత్తబడి పక్కకు వంగుతాయి, ఊపును ఆపాల్సింది పోయి దానికి లొంగిపోతాయి. తగిలించాక ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు కాస్త వంగినా పర్లేదు, పైకి లేచి ఉండకూడదు. గుండు సైజు దాన్ని పట్టుకునే ట్రైలర్ కప్లర్ మీద రాసినదే అయి ఉండాలి. ట్రైలర్‌ను కారుకు కలిపే గొలుసులు రెండూ టంగ్ కింద, అంటే ట్రైలర్ ముందు కాడి కింద, ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా వేయాలి, కొక్కెం ఊడినా ముందు కొస రోడ్డు మీద పడకుండా వాటి మీదే ఆగుతుంది.

స్వేను ఆపే పరికరాలు కూడా దొరుకుతాయి. ఊగకుండా రాపిడితో పట్టి ఉంచే బార్లు, బరువును ముందు చక్రాలకు కూడా పంచే హిచ్‌లు, కొత్త పికప్ ట్రక్కుల్లో ఊపును పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. మంచివే, పెద్ద కారవాన్లు లాగేవాళ్లకు అవసరం కూడా. కానీ తప్పుగా సర్దిన ట్రైలర్‌కు ఇవి పెడితే ఊపు 60 దగ్గర రావాల్సింది 70 దగ్గర వస్తుంది. అప్పుడు వచ్చేది మరింత బలంగా వస్తుంది.

దారి మీద ఊపును రెచ్చగొట్టేవి ముందే తెలుసుకుంటే మంచిది. దాటిపోయే ట్రక్కు మొదట గాలితో మిమ్మల్ని అవతలికి తోస్తుంది, ఆ తర్వాత తన వైపు లాక్కుంటుంది. వెనక ట్రక్కు రావడం చూడగానే లేన్‌లో దానికి దూరంగా జరిగి, కాస్త వేగం తగ్గించి దాన్ని పోనివ్వండి. పల్లంలో దిగేటప్పుడు ట్రైలర్ వెనకనుంచి నెడుతుంది కాబట్టి మామూలుగా నిలకడగా ఉన్న వేగంలో కూడా అక్కడ ఊగొచ్చు. దిగడం మొదలుకాక ముందే వేగం తగ్గించుకోవాలి. గాలి విషయంలో కొన్ని చోట్లకు పేరుంది. వ్యోమింగ్‌లో ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య భాగం, కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర ఐ-10 కనుమ అలాంటివి. వ్యోమింగ్‌లో గాలి ఎక్కువైన రోజుల్లో తేలికగా, ఎత్తుగా ఉండే బండ్లను ఆ రోడ్డు మీదికి రానివ్వరు. ఖాళీ ట్రైలర్ ఆ కోవలోకే వస్తుంది.

ఇంత చేసినా ఊపు వస్తే ఏం చేయాలి? యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. స్టీరింగ్‌ను రెండు చేతులతో నేరుగా పట్టుకోండి, ట్రైలర్ వెంట తిప్పకండి. కారు బ్రేకు తొక్కకండి. ఈ చివరి మాటే చాలామందికి మింగుడుపడదు, ప్రమాదం కనిపిస్తే కాలు బ్రేకు మీదికే పోతుంది మరి. కానీ కారు ఆగుతుంటే వెనక ట్రైలర్ ఆగదు, ఏటవాలుగా ఉన్న స్థితిలోనే కారును నెడుతుంది, మడత పడుతుంది. ట్రైలర్‌కు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకులుండి, డ్యాష్‌బోర్డు దగ్గర వాటి కంట్రోలరు ఉంటే మాత్రం ట్రైలర్ బ్రేకును ఒక్కదాన్నే చేత్తో నెమ్మదిగా నొక్కండి. వెనకనుంచి పట్టి లాగినట్టయి వరుసలోకి వస్తుంది. చిన్న అద్దె ట్రైలర్లకు ఆ సౌకర్యం ఉండదు, వాటికి వేగం దానంతటది తగ్గడమొక్కటే దారి. వేగం పెంచితే ట్రైలర్ సాగి నేరుగా అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. ఊపు పెరిగే వేగంలోకి ఇంకా లోతుగా వెళ్లడమే అది.

ఊపు ఆగాక చాలామంది ఊపిరి పీల్చుకుని అలాగే ముందుకు సాగిపోతారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. ఒకసారి ఊగిన ట్రైలర్ మళ్లీ ఊగుతుంది, దానిలో ఏదీ మారలేదు కదా. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఖాళీ పార్కింగ్ స్థలం చూసుకుని, తలుపు తీసి బరువైనవి ముందుకు మార్చాలి. ఎండలో గంట పట్టినా, పిల్లలు విసుక్కున్నా సరే.

వేగం సంగతి చివరికి ఉంచాను. యూహాల్ తన ట్రైలర్లతో గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు దాటొద్దని చెబుతుంది. కాలిఫోర్నియాలో ఏ ట్రైలర్ లాగినా చట్టప్రకారం అదే పరిమితి. పక్కన అందరూ 75లో పోతుంటే 55లో పోవడం కష్టమనిపిస్తుంది, వెనకవాళ్లు హారన్ కొడతారేమో అనిపిస్తుంది. కుడి లేన్ పట్టుకుని వెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. రోజుకు 700 మైళ్లు కొట్టేయాలని లెక్క వేసుకున్నవాళ్లు ఆ లెక్కను ముందే 450కి తగ్గించుకుని, మధ్యలో ఒక రాత్రి మోటెల్ ఖర్చు కలుపుకోవాలి. అంత సమయం లేకపోయినా, వరుసగా రెండు రోజులు 55 దాటకుండా నడపగల ఓపిక తమకు లేదనిపించినా, ట్రైలర్ జోలికి పోవద్దు. పదడుగుల ట్రక్కు అద్దెకు తీసుకుని ఒకరు అది నడపండి, ఇంకొకరు పిల్లలతో కారులో రండి. ఖర్చు కొంత పెరుగుతుంది, పెట్టండి.